చిరకాల శ్రోతల తీర్పు: యెస్ బృందం రికార్డులు

సంగీత రికార్డుల మంచిచెడ్డలను తేల్చే న్యాయస్థానాలు మూడున్నవి. మొదటిది అంగడి. అది వారాలలో తీర్పు చెబుతుంది. రెండవది పత్రికా విమర్శకులది. అక్కడ ఒకటి రెండు నెలలలో వ్యవహారం ముగుస్తుంది. మూడవది చిరకాల శ్రోతలది. ఒక రికార్డును ఇరవై ముప్పై సంవత్సరాలు దగ్గర ఉంచుకొని, మళ్ళీ మళ్ళీ విని, ఇల్లు మారినప్పుడల్లా దానిని భద్రంగా వెంట తీసుకొనిపోయి, చివరకు ఇది నాకు కావలసినదని నిశ్చయించుకొనే శ్రోత తీర్పు ఆలస్యంగా వస్తుంది. వచ్చిన తరువాత అది సులభంగా మారదు. ఈ మూడు తీర్పులూ ఏకీభవించటం అరుదు. అవి ఎక్కడ విడిపోయినవో, ఎందుకు విడిపోయినవో పరిశీలిస్తే, వినటమనే పనిని గురించి మనకు కొంత తెలుస్తుంది. ఇందుకు ఇంగ్లండు దేశపు 'యెస్' అనే వాద్యబృందం చరిత్ర చక్కని నిదర్శనం.

ముందుగా ఈ బృందం ఏ సంప్రదాయానికి చెందినదో చెప్పటం అవసరం. 1960వ దశకం తొలి సంవత్సరాలలో ఇంగ్లండులో రాక్ సంగీతమంటే రెండు మూడు నిమిషాల పాట. యువకులు నాట్యమాడటానికి అనువైన తాళం. ఒక్కసారి వింటే నోటికి పట్టుబడే పల్లవి. దశకం చివరకు వచ్చేసరికి ఆ హద్దు కొందరికి ఇరుకుగా తోచింది. చర్చి గాయకమండలిలో బాల్యం గడిపినవారు, బాక్, బ్రామ్స్ వంటి స్వరకర్తల రచనలను అభ్యసించినవారు, జాజ్ లయల మీద మక్కువ పెంచుకొన్నవారు రాక్ బృందాలలో చేరి, తాము నేర్చినదంతా అందులోకి తెచ్చారు. పాట నిడివి పెరిగింది. తాళం మధ్యలో మారసాగింది. గాత్రం ఆగినచోట వాద్యాలు కథను కొనసాగించసాగాయి. ఈ ధోరణికి 'ప్రోగ్రెసివ్ రాక్' అన్న పేరు స్థిరపడింది. కింగ్ క్రిమ్‌సన్, జెనెసిస్, ఎమర్సన్ లేక్ అండ్ పామర్, యెస్ మొదలైన బృందాలు ఈ మార్గంలో ప్రసిద్ధి పొందాయి.

ఈ మార్పుకు యంత్రసహాయం కూడా ఉన్నది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేటు మీద ఒక పక్కన మూడు నాలుగు నిమిషాల సంగీతానికి మించి పట్టేది కాదు. మన నాటక పద్యాలూ, కచేరీ కృతులూ ఆ కొలతకు కుదించుకొని ప్లేట్ల మీదికి ఎక్కిన సంగతి పెద్దలెరిగినదే. 1948లో అమెరికాలోని కొలంబియా కంపెనీవారు నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే లాంగ్ ప్లే రికార్డును విడుదల చేశారు. దానికి ఒక్కొక్క పక్కన ఇరవై నిమిషాల సంగీతం ఇముడుతుంది. చాలాకాలం ఆ చోటును చిన్న చిన్న పాటలతోనే నింపారు. ఒక పక్కనంతా ఒకే రచనతో ఎందుకు నింపకూడదని అడిగినవారిలో యెస్ బృందంవారు ముఖ్యులు. ఆ ప్రశ్నకు వారు 1972లో ఇచ్చిన సమాధానమే చిరకాల శ్రోతల అభిమానానికి నేటికీ కేంద్రంగా ఉన్నది.

1968లో లండను నగరంలోని సోహో ప్రాంతంలో, లా షాస్ అనే పానశాలలో జాన్ ఆండర్సన్‌కూ క్రిస్ స్క్వైర్‌కూ పరిచయమైంది. ఆండర్సన్ లాంకషైర్ మండలంలోని ఆక్రింగ్టన్ పట్టణం నుంచి వచ్చిన గాయకుడు. ఆయనది హెచ్చుస్థాయిలో సునాయాసంగా నిలిచే కంఠం. స్క్వైర్ బాల్యంలో చర్చి గాయకమండలిలో పాడిన మనిషి. బాస్ గిటారును వెనుక నిలిచి శ్రుతి పట్టే వాద్యంగా గాక, ముందుకు వచ్చి మాట్లాడే వాద్యంగా మార్చిన ఘనత ఆయనది. వీరికి గిటారు మీద పీటర్ బాంక్స్, ఆర్గన్ మీద టోనీ కే, డ్రమ్ముల మీద బిల్ బ్రూఫర్డ్ తోడయ్యారు. 1969లోనూ 1970లోనూ వెలువడిన మొదటి రెండు రికార్డులలో ఇతరుల పాటలు కొన్ని ఉన్నవి. వాటికి ఆదరణ స్వల్పంగానే లభించింది.

1970లో బాంక్స్ స్థానంలో స్టీవ్ హౌ ప్రవేశించారు. గురుముఖాన గాక సొంత సాధనతో గిటారు నేర్చిన ఈ కళాకారునికి స్పానిష్ శైలి, జాజ్, అమెరికా పల్లెపాటల బాణీ అన్నీ చేతివాటమైనవే. ఆయన చేరిన తరువాత, 1971 ఆరంభంలో వెలువడిన 'ది యెస్ ఆల్బం' పూర్తిగా సొంత రచనలతో కూర్చిన మొదటి రికార్డు. చిరకాల శ్రోతలలో చాలామంది తమ అభిమాన రికార్డుల వరుసను దీనితోనే ప్రారంభిస్తారు. బృందం తన గొంతును తాను గుర్తించిన రికార్డు అది.

అదే సంవత్సరం చివర 'ఫ్రాజైల్' వచ్చింది. టోనీ కే స్థానంలో రిక్ వేక్‌మన్ చేరారు. లండనులోని రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో కొంతకాలం చదివి, చదువు ముగియకముందే విడిచివచ్చిన ఈయన పియానో, ఆర్గన్, సింథసైజర్ మొదలైన మెట్ల వాద్యాలను చుట్టూ అమర్చుకొని వాయించేవారు. ఈ రికార్డులో తొమ్మిది అంశాలున్నవి. వాటిలో నాలుగు బృందమంతా కలిసి వాయించినవి; తక్కిన ఐదూ సభ్యులు ఒక్కొక్కరు తమ తమ ఊహ ప్రకారం కూర్చుకొన్నవి. వేక్‌మన్ తన వంతుగా బ్రామ్స్ నాలుగవ సింఫనీలోని ఒక భాగాన్ని మెట్ల వాద్యాలకు అనువదించారు. రికార్డు అట్టమీద బీటలు వారుతున్న చిన్న గ్రహాన్ని చిత్రించిన రోజర్ డీన్ ఆనాటినుంచి ఈ బృందానికి ఆస్థాన చిత్రకారుడైనారు. అట్ట చేతిలో పట్టుకొని, ఆ చిత్రంలో విహరిస్తూ సంగీతం వినటం ఆ తరం శ్రోతలకు అలవాటైంది.

ఈ రికార్డులోని మొదటి అంశం 'రౌండబౌట్'. దాని పూర్తి నిడివి ఎనిమిదిన్నర నిమిషాలు. అమెరికాలో చిన్న ప్లేటుగా విడుదల చేసినప్పుడు దానిని మూడున్నర నిమిషాలకు కత్తిరించారు. ఆ కురచ రూపమే 1972లో అక్కడి జాబితాలో 13వ స్థానానికి చేరి బృందానికి పేరు తెచ్చింది. గడియారాన్ని ఎదుట పెట్టుకొని పనిచేసే రేడియోవారికి ఇటువంటి కత్తిరింపులోని సౌకర్యం తెలుసు. అందులోని నష్టమూ తెలుసు. కురచ రూపం విని రికార్డు కొన్నవారిలో ఎందరో పూర్తి రూపానికి అలవాటుపడి, మళ్ళీ ఆ కురచ రూపం వైపు చూడలేదు. అంగడి తీర్పుకూ చిరకాల శ్రోత తీర్పుకూ దారులు మొదట విడిపోయినది ఇక్కడనే.

1972 సెప్టెంబరులో 'క్లోజ్ టు ది ఎడ్జ్' వెలువడింది. 'అంచుకు చేరువగా' అని దాని అర్థం. మొత్తం రికార్డులో ఉన్నవి మూడే రచనలు. రికార్డు పేరే పేరుగా గల మొదటి రచన పద్ధెనిమిది నిమిషాలకు పైబడి ఒక పక్కనంతా ఆక్రమిస్తుంది. రెండవ పక్కన 'అండ్ యూ అండ్ ఐ', 'సైబీరియన్ ఖాత్రూ' అనే రెండు రచనలున్నవి. లండనులోని అడ్విజన్ స్టూడియోలో ఎడ్డీ ఆఫర్డ్ అనే ధ్వనిముద్రకుని సాయంతో ఈ దీర్ఘ రచనను ముక్కలు ముక్కలుగా ముద్రించి, టేపును కోసి అతికి, ఏకఖండంగా నిలిపారు. పక్షుల కిలకిలలతో, నీటి సవ్వడితో అది మొదలవుతుంది. అంతలో వాద్యాలన్నీ ఒక్కసారిగా విరుచుకుపడతాయి. ఆ సంరంభం సద్దుమణిగిన తరువాత నడుమ నెమ్మదైన గానం, దాని వెంట గంభీరమైన పైపు ఆర్గన్ నాదం వస్తాయి. చివరకు మొదటి ఇతివృత్తం పూర్ణరూపంతో తిరిగివచ్చి, మళ్ళీ పక్షులలో, నీటిలో లీనమవుతుంది.

ఈ రచనకు ప్రేరణ జర్మన్ రచయిత హెర్మన్ హెస్ 1922లో ప్రకటించిన 'సిద్ధార్థ' నవల అని ఆండర్సన్ చెప్పారు. బుద్ధుని కాలపు భారతదేశంలో నడచే ఆ కథలో నాయకుడు శాస్త్రాలు చదివి, తపస్సు చేసి, భోగాలు అనుభవించి, చిట్టచివరకు ఒక పడవవాని దగ్గర చేరుతాడు. ఆ పడవవాడు అతనికి నేర్పే విద్య ఒక్కటే: నదిని వినటం. ఈ సంగతి తెలిసిన శ్రోతకు రచన ఆద్యంతాలలోని నీటి సవ్వడి అలంకారంగా తోచదు. అదే రచనకు ఊపిరి అని తెలుస్తుంది.

ఈ రికార్డు ఇంగ్లండు జాబితాలో నాలుగవ స్థానానికీ అమెరికా జాబితాలో మూడవ స్థానానికీ చేరింది. అయినప్పటికీ దాని పీఠం ఆ అంకెల మీద నిలవలేదు. యెస్ బృందాన్ని దీర్ఘకాలంగా వింటున్నవారు కూడిన చోట మొదటి స్థానం దేనికన్న ప్రశ్న వస్తే ఎక్కువమంది నోట వచ్చే పేరు ఇదే. కారణం ఊహించవచ్చు. ఐదుగురు సభ్యులలో ఎవరి బలమూ ఇందులో వృథా కాలేదు. ఎవరూ ఇతరులను మించిపోలేదు. నిడివి ఎంత ఉన్నదో నిర్మాణం అంత ఉన్నది. చిత్రమేమంటే, ఈ పరిపూర్ణతయే బృందంలో ఒకరికి వీడ్కోలు కారణమైంది. ఇంతకు మించి ఈ దారిలో తాను చేయగలది లేదని భావించి బిల్ బ్రూఫర్డ్ ముద్రణ ముగియగానే కింగ్ క్రిమ్‌సన్ బృందంలోకి వెళ్ళారు. ఆయన స్థానంలో వచ్చిన ఆలన్ వైట్ మూడే రోజులలో ఆ క్లిష్టమైన రచనలన్నీ వంటబట్టించుకొని అమెరికా పర్యటనకు బయలుదేరారు.

తరువాతి అధ్యాయం మన దేశంతో సాక్షాత్తు సంబంధం కలది. 1973 మార్చిలో జపాను పర్యటన సందర్భంలో టోక్యోలోని హోటలు గదిలో ఆండర్సన్ ఒక పుస్తకం చదువుతున్నారు. అది పరమహంస యోగానంద 1946లో ఆంగ్లంలో ప్రకటించిన ఆత్మకథ. 'ఒక యోగి ఆత్మకథ' అన్న పేరుతో తెలుగు పాఠకులకు చిరపరిచితమైన గ్రంథం. అందులో ఒక పుట అడుగున చిన్న అక్షరాలలో హిందూ శాస్త్రాలు శ్రుతి, స్మృతి, పురాణం, తంత్రం అని నాలుగు తెరగులని వివరించి ఉన్నది. ఆ నాలుగు మాటలు ఆండర్సన్ ఊహను పట్టుకొన్నవి. నాలుగు శాస్త్రాలకు నాలుగు దీర్ఘ రచనలు. నాలుగింటికి రెండు రికార్డుల నాలుగు పక్కలు! పర్యటన అమెరికాలో జార్జియా రాష్ట్రపు సవానా నగరానికి చేరేసరికి, ఆయనా స్టీవ్ హౌ కలిసి ఒక రాత్రంతా కొవ్వొత్తుల వెలుగులో కూర్చొని ఆ రచనల రూపురేఖలు నిర్ణయించుకొన్నారు.

ఆ విధంగా 'టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్' అనే జంట రికార్డు 1973 డిసెంబరులో ఇంగ్లండులో విడుదలైంది. నిడివి మొత్తం ఎనభై నిమిషాలకు పైబడి ఉన్నది. మొదటి రచన దైవజ్ఞానం వెల్లడి కావటాన్ని గురించినది. రెండవది జ్ఞాపకాన్ని గురించినది. మూడవది ప్రాచీన నాగరికతలను గురించినది. నాలుగవది కర్మకాండను గురించినది. శ్రుతి అనగా వినబడినది, స్మృతి అనగా స్మరింపబడినది అన్న అర్థాలను వారు తమకు తోచిన రీతిలో అందుకొన్నారనటంలో సందేహం లేదు. అట్టమీది వ్యాఖ్యానంలో స్మృతి అన్న మాట 'సురితి' వంటి వికృతరూపంలో అచ్చుపడింది. మన పండితులు చూస్తే నవ్వుకొంటారు. శాస్త్రార్థం విషయంలో ఈ రికార్డు ప్రమాణం కాదు, కానక్కరలేదు కూడా. ఒక పుట అడుగున ఉన్న నాలుగు మాటలు దూరదేశపు గాయకునిలో ఎంత పెద్ద ప్రయత్నానికి బీజమైనవో అన్నదే ఇక్కడ గమనింపదగినది.

ఈ రికార్డు విషయంలో మూడు న్యాయస్థానాలూ మూడు విధాలుగా పలికినవి. అంగడి ముందుగా తలయూపింది. ఇంగ్లండులో రెండు వారాలపాటు అది ప్రథమస్థానంలో నిలిచింది. విమర్శకులలో అనేకులు ముఖం చిట్లించారు. ఇంత పొడవు అవసరమా, ఇది ఆడంబరం కాదా అని ప్రశ్నించారు. బృందంలోనే భిన్నాభిప్రాయం పుట్టింది. ఒక రికార్డుకు ఎక్కువ, రెండింటికి తక్కువ అయిన సరుకును సాగదీశామని వేక్‌మన్ అభిప్రాయం. రికార్డు ఇంకా దుకాణాలకు రాకముందే ఇంగ్లండు కచేరీలలో మొత్తం నాలుగు భాగాలనూ వినిపించటంతో, పరిచయంలేని సంగీతం ఎదుట ప్రేక్షకులు కూడా తికమకపడ్డారు. మాంచెస్టరులో కచేరీ నడుస్తుండగా, తనకు పనిలేని సమయంలో, వాద్యాల నడుమనే కూర్చొని భారతీయ భోజనం తెప్పించుకొని తిన్నట్లు వేక్‌మన్ తరువాత తానే నవ్వుతూ చెప్పుకొన్నారు. 1974లో ఆయన బృందాన్ని విడిచారు.

చిరకాల శ్రోతల తీర్పు మాత్రం ఈనాటికీ పూర్తి కాలేదు. కొందరికి ఈ రికార్డు బృందం పతనానికి మొదటి మెట్టు. మరికొందరికి అది శిఖరాలలోకెల్ల శిఖరం. ఈ రెండవ పక్షంవారిలో చాలామంది మొదట మొదటి పక్షంలో ఉండినవారే కావటం విశేషం. ఒకటి రెండు సార్లు విని పక్కన పెట్టి, కొన్నేండ్లకు మళ్ళీ తీసి, అంతకుముందు వినపడని సంధులు వినపడి, మెల్లమెల్లగా అభిప్రాయం మార్చుకొన్నవారు వారు. శ్రుతి, శ్రోత అన్న రెండు మాటలకూ ధాతువు ఒక్కటే. వినబడేదానికి విలువ వినేవాని శ్రమను బట్టి పెరగవచ్చునన్న సంగతికి ఈ రికార్డు కంటె మంచి ఉదాహరణ ఆ సంగీతంలో లేదు. అన్ని సందర్భాలలోనూ శ్రమ ఫలిస్తుందని కాదు. నాలుగు భాగాలలో మొదటిదీ నాలుగవదీ అందుకొన్న ఆదరాన్ని రెండవదీ మూడవదీ అందుకోలేదు. శ్రోత ఓపిక గుడ్డిది కాదు, అది ఎన్నుకొంటుంది.

వేక్‌మన్ స్థానంలో స్విట్జర్లండు దేశీయుడైన పాట్రిక్ మొరాజ్ చేరిన తరువాత, 1974 చివర 'రీలేయర్' వచ్చింది. దాని మొదటి పక్కనంతా 'ది గేట్స్ ఆఫ్ డెలీరియం' అనే యుద్ధవర్ణన. టాల్‌స్టాయ్ 'యుద్ధము–శాంతి' నవల దీనికి ప్రేరణ. నడుమ వచ్చే రణఘోష కోసం పాత మోటారుకారుల విడిభాగాలను వేలాడదీసి మోగించారు. ఆ భీకరధ్వనులు ఆగిన తరువాత వచ్చే ప్రశాంతమైన చిన్న ప్రార్థనాగీతం శ్రోత హృదయాన్ని వెంటనే తాకుతుంది. కాని దాని విలువ ముందు గడచిన యుద్ధాన్ని సహించినవారికే పూర్తిగా తెలుస్తుంది. దానిని విడిగా కత్తిరించి చిన్న ప్లేటుగా కూడా విడుదల చేశారు. యుద్ధం వినకుండా శాంతి మాత్రమే వినటం ఎటువంటిదో ఆ ప్లేటు తెలుపుతుంది.

1976లో వేక్‌మన్ తిరిగివచ్చారు. స్విట్జర్లండులోని మాంత్రో పట్టణంలో ముద్రించిన 'గోయింగ్ ఫర్ ది వన్' 1977 జులైలో విడుదలై ఇంగ్లండులో మళ్ళీ ప్రథమస్థానం అందుకొన్నది. ఆ సంవత్సరమే అక్కడ పంక్ అనే ఉద్యమం విజృంభించి, దీర్ఘ రచనలను ఎగతాళి చేసి, మూడు స్వరాలు వస్తే చాలు పాట కట్టవచ్చునని చాటుతున్నది. ఆ హోరులోనే 'అవేకెన్' అనే పదిహేను నిమిషాల రచనను శ్రోతలు హృదయానికి హత్తుకొన్నారు. అందులోని ఆర్గన్ నాదం స్టూడియోలోనిది కాదు. సమీపంలోని వెవే పట్టణంలో సెయింట్ మార్టిన్ చర్చిలోని పైపు ఆర్గన్‌ను వేక్‌మన్ వాయిస్తుండగా, టెలిఫోను తీగల ద్వారా ఆ ధ్వనిని మాంత్రో స్టూడియోకు చేర్చి ముద్రించారు. తక్కినవారు ఇక్కడ, ఆయన అక్కడ. అయినా తాళం తప్పలేదు. బయటి కార్యక్రమాలను తీగల మీద తెచ్చి ప్రసారం చేసే రేడియో ఇంజనీర్లు ఈ పని లోతును గ్రహించగలరు. 'క్లోజ్ టు ది ఎడ్జ్' తరువాత చిరకాల శ్రోతలు అత్యంత ఆప్యాయంగా చెప్పుకొనే రచన 'అవేకెన్' అనవచ్చు.

ఇక అంగడి చెప్పిన తీర్పును చూద్దాం. ఈ బృందం చరిత్రలో పాటల జాబితాలో అందరికంటె పైకి ఎక్కినది 1983 నాటి '90125' రికార్డులోని పాట. ఆ వింత పేరు రికార్డు కంపెనీ జాబితాలోని సంఖ్య మాత్రమే. దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన గిటారు వాదకుడు ట్రెవర్ రాబిన్ రచనలు అందులో ప్రధానమైనవి. 'ఓనర్ ఆఫ్ ఎ లోన్లీ హార్ట్' అనే పాట 1984 జనవరిలో అమెరికా జాబితాలో ప్రథమస్థానం పొందింది. ఈ బృందానికి అక్కడ ఆ గౌరవం దక్కినది ఆ ఒక్కసారే. ఆ పాట ద్వారా బృందాన్ని తెలుసుకొన్న కొత్త తరం శ్రోతలు లక్షలలో ఉన్నారు. వారిలో కొందరు వెనుకకు నడచి 1972 రికార్డును చేరుకొన్నారు; పాతవారిలో ముందుకు నడచి 1983 రికార్డును తమ వరుసలో మొదట నిలిపినవారు తక్కువ. '90125' చక్కగా తయారైన రికార్డని అందరూ ఒప్పుకొంటారు. అయితే మొదటిసారి విన్నప్పుడే అది తన సంపదనంతా ఇచ్చివేస్తుంది. మొదటి రోజున సగమే ఇచ్చి, మిగతా సగాన్ని ఏండ్లతరబడి దాచి ఉంచేది చిరకాల శ్రోతకు ఇష్టం.

దీనికి ఎదురుగా నిలిచే ఉదాహరణ కూడా చెప్పటం న్యాయం. 1980లో ఆండర్సన్, వేక్‌మన్ ఇద్దరూ లేకుండా, ట్రెవర్ హార్న్, జెఫ్ డౌన్స్ అనే కొత్తవారితో 'డ్రామా' అనే రికార్డు వచ్చింది. ఆండర్సన్ కంఠం లేని బృందాన్ని ఇంగ్లండు ప్రేక్షకులలో కొందరు సహించలేకపోయారు. కాలక్రమాన అదే రికార్డు మీద కోపం చల్లారి, అందులోని పటుత్వం బయటపడింది. 2016 పర్యటనలో బృందం దానిని ఆద్యంతం వాయించగా శ్రోతలు ఆదరించారు. అదే సంవత్సరం అమెరికాలో 'టేల్స్' రికార్డులోని మొదటి, నాలుగవ భాగాలను కూడా సంపూర్ణంగా వాయించారు. చిరకాల శ్రోతలు పక్షపాతులన్న అపవాదుకు ఇది కొంత సమాధానం. వారి తీర్పు మీద పునర్విచారణ ఉన్నది. కాని దానికి గడువు ముప్పై నలభై సంవత్సరాలు!

ఇంతవరకు చెప్పినదానిలో శ్రోతల గొప్ప కనబడింది. కళాకారుల వైపునుంచి చూస్తే ఇందులో ఒక బరువూ ఉన్నది. 2013లో మొదలైన పర్యటనలో ఈ బృందం 'ది యెస్ ఆల్బం', 'క్లోజ్ టు ది ఎడ్జ్', 'గోయింగ్ ఫర్ ది వన్' అనే మూడు రికార్డులనూ ఆరంభంనుంచి అంతందాకా వరుసగా వాయించింది. నలభై సంవత్సరాలనాటి సంగీతాన్ని అక్షరం పొల్లుపోకుండా మళ్ళీ వినటానికి జనం వచ్చారు. 2013 మొదలు 2016 వరకు స్టీవెన్ విల్సన్ అనే సంగీతజ్ఞుడు, మూల టేపుల నుంచి ఐదు రికార్డులకు ధ్వని సమ్మేళనం కొత్తగా చేసి ఇచ్చారు. ఆ ఐదూ 1971కీ 1974కీ మధ్యవే. బృందం ఆ తరువాత ఎన్నో కొత్త రికార్డులు చేసింది. 2023లో సైతం ఒకటి వెలువడింది. కాని కొత్తదానిని వినవచ్చిన శ్రోత చెవిలో పాతది ముందే మోగుతూ ఉంటుంది. తన యౌవనంతో తానే పోటీపడవలసిన దుస్థితి ఏ కళాకారునికైనా కష్టమే. అభిమానం కాపాడుతుంది, బంధిస్తుంది కూడా.

ఈ బంధం ఎంత గట్టిదో బృందం పేరును గురించిన తగవులు చూపుతాయి. 1989లో ఆండర్సన్, బ్రూఫర్డ్, వేక్‌మన్, హౌ కలిసి రికార్డు చేసినప్పుడు యెస్ అన్న పేరు వాడుకొనే హక్కు వారికి లేక, నలుగురి ఇంటిపేర్లనూ వరుసగా వ్రాసుకోవలసివచ్చింది. 2008లో ఆండర్సన్ తీవ్రమైన శ్వాసకోశ వ్యాధితో బాధపడగా బృందం ఆయన లేకుండానే ముందుకు సాగింది. 2015 జూన్‌లో క్రిస్ స్క్వైర్ మరణించారు. బృందం ఆరంభంనుంచి అప్పటివరకు వెలువడిన ప్రతి రికార్డులోనూ వాయించిన ఏకైక వ్యక్తి ఆయనే. 2022 మేలో ఆలన్ వైట్ కూడా వెళ్ళిపోయారు. స్టీవ్ హౌ నాయకత్వాన ఒక బృందం ఆ పేరుతో సాగగా, ఆండర్సన్ 2023 నుంచి వేరొక బృందంతో తిరిగి ఆ 1970వ దశకపు రచనలే పాడారు. ఇద్దరిలో అసలైనవారెవరన్న వాదం శ్రోతలలో ఉన్నది. ఇద్దరూ వాయించే రచనలు మాత్రం ఒక్కటే.

ఇక్కడనే చరిత్ర ఒక విచిత్రమైన మలుపు తిరిగింది. 2008లో ఆండర్సన్ స్థానంలో పాడటానికి వచ్చిన బెన్వా డేవిడ్ అంతకుముందు కెనడాలోని మాంట్రియల్ నగరంలో యెస్ రచనలను అనుకరించి పాడే ఒక బృందంలో గాయకుడు. ఆ బృందం పేరు 'క్లోజ్ టు ది ఎడ్జ్'. 2012లో ఆయన తరువాత వచ్చిన జాన్ డేవిసన్ కూడా 'రౌండబౌట్' అనే అటువంటి బృందంలో పాడినవారే. 2017లో అమెరికాలోని రాక్ సంగీత గౌరవపీఠంలో యెస్ బృందాన్ని చేర్చినప్పుడు, దివంగతుడైన స్క్వైర్ స్థానంలో నిలిచి బాస్ గిటారు వాయించినది రష్ బృందానికి చెందిన గెడ్డీ లీ. ఆయన కూడా యౌవనంలో ఈ రికార్డులను పదేపదే విని పెరిగిన శ్రోతయే. వాయించిన రచన 'రౌండబౌట్'.

కాబట్టి చిరకాల శ్రోతల అభిమాన రికార్డులు ఏవన్న ప్రశ్నకు 'క్లోజ్ టు ది ఎడ్జ్' మొదటిదనీ, 'ఫ్రాజైల్', 'ది యెస్ ఆల్బం', 'రీలేయర్', 'గోయింగ్ ఫర్ ది వన్' దాని సరసన కూర్చుంటాయనీ, 'టేల్స్' గురించి తగవు తెగలేదనీ సమాధానం చెప్పవచ్చు. ఆ వరుసకంటె ముఖ్యమైనది అది ఏర్పడిన తీరు. ఏ ప్రకటనా ఆ వరుసను నిర్ణయించలేదు. వేలాది ఇళ్ళలో, రికార్డు ఒక పక్క అయిపోగానే లేచి రెండవ పక్కకు తిప్పిన చేతులు దానిని నిర్ణయించినవి. నేడు సంగీతం ఎంత కావాలంటే అంత, ఎప్పుడు కావాలంటే అప్పుడు చెవిలో పడుతున్నది. నచ్చకపోతే అరనిమిషంలో దాటిపోవచ్చు. ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చొని, మొదట అర్థం కానిదానికి రెండవ అవకాశమూ మూడవ అవకాశమూ ఇచ్చే ఓపిక కరవైతే, అటువంటి ఓపికను నమ్ముకొని రచించిన సంగీతం వినేవారు లేక మూగబోతుంది. ఆ నష్టం ఇంగ్లండు రాక్ సంగీతానికి మాత్రమే పరిమితమైనది కాదు. ఏ దేశంలోనైనా పెద్ద రచన బ్రతికేది వాయించేవారి నేర్పుతో పాటు వినేవారి ఓర్పు మీద. శ్రోతలే గాయకులై ఈ సంగీతాన్ని నిలబెట్టిన చరిత్ర చూసిన తరువాత, వినటం చేతకానివారి పని అని ఎవరూ అనలేరు.